కొత్త గ్రాఫిక్స్ కార్డ్ వేశాక గేమ్ మొదలుపెట్టగానే పీసీ ఎందుకు ఆగిపోతుంది?

చాలావరకు తప్పు కార్డ్‌ది కాదు. దానికి కావలసిన కరెంటు ఇవ్వలేక పాత ఎస్ఎంపీఎస్ (పీసీలోని భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

బ్రౌజర్ వాడేటప్పుడు కార్డ్ తీసుకునే కరెంటు కొద్దిగానే. గేమ్ మొదలవగానే అది ఒక్కసారిగా పెరుగుతుంది, కొన్ని మిల్లీసెకన్ల పాటు కార్డ్‌కు రాసిన వాట్లను కూడా దాటిపోతుంది. అందుకే బ్లూ స్క్రీన్ కూడా రాకుండా, ప్లగ్ పీకేసినట్టు ఆరిపోతుంది.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఆర్‌టీఎక్స్ 3070 కార్డ్ కొని, జీటీఎక్స్ 1650 తీసేసి ఆ చోట పెట్టారనుకుందాం. పాతది 75 వాట్లు, కొత్తది 220. దీనికి 650 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని దాని తయారీదారు ఎన్విడియానే చెబుతుంది. మీ ఎస్ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ చూడండి. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉన్నా, 12 వోల్టుల గడిలో 25 ఆంపియర్లే ఉంటే కార్డ్‌కూ ప్రాసెసర్‌కూ కలిపి దక్కేది 300 వాట్లే. కొనేటప్పుడు అసలు చూడాల్సింది ఈ గడినే.

విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' కనిపించగానే విండోస్ పాడైందని చాలామంది ఫార్మాట్ కొట్టేస్తారు. అది కారణం కాదు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని విండోస్ రాసుకున్న నోట్ మాత్రమే. డేటా పోగొట్టుకోకముందే, తెలిసినవాళ్ల దగ్గర పెద్ద ఎస్ఎంపీఎస్ తెచ్చి ఒక గంట గేమ్ ఆడి చూడండి. కేబుళ్లు కూడా దానివే వాడాలి, ఇది మాత్రం మరవకండి: పాతవి చక్కగా దూరినా, పిన్నుల వరుస వేరుగా ఉంటే హార్డ్ డిస్క్ కాలిపోవచ్చు.