మలాశయ క్యాన్సర్‌కు రోబో సర్జరీ చేయిస్తే మళ్లీ రాదా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మలంలో రక్తం పడుతుంటే కోలనోస్కోపీ చేయించాం. మలద్వారానికి 6 సెంటీమీటర్ల పైన మలాశయంలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. రేడియేషన్, కీమో పూర్తయ్యాయి. ఆపరేషన్ కోసం రెండు ఆస్పత్రుల్లో అడిగితే, ఒకచోట రోబోతో చేస్తే మళ్లీ రాదన్నారు, మరోచోట ల్యాపరోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) సరిపోతుందన్నారు. రోబోకయ్యే అదనపు ఖర్చు కోసం పొలం అమ్మాలి. కొన్నేళ్ల తర్వాత చూస్తే ఏది మేలు?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మళ్లీ రాదన్న హామీ ఏ పద్ధతిలోనూ ఎవరూ ఇవ్వలేరు. మీకు అలా చెప్పి ఉండకూడదు. రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. పక్కన కూర్చున్న సర్జన్ చేతి కదలికలనే దాని పరికరాలు లోపల అనుసరిస్తాయి.

మలాశయం చుట్టూ కొవ్వు, లింఫు గ్రంథులతో కూడిన ఒక పొర ఉంటుంది. అది ఎక్కడా చిరగకుండా గడ్డతో సహా మొత్తంగా బయటకు వస్తే, క్యాన్సర్ అదే చోట తిరగబెట్టే ప్రమాదం బాగా తగ్గుతుందని బ్రిటన్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లోనే చెప్పారు. మగవారి కటి భాగం ఇరుకు కాబట్టి, మీ నాన్నగారిలాగా గడ్డ కిందికి ఉన్నప్పుడు నిటారు ల్యాపరోస్కోపీ పరికరాలతో ఆ పని కష్టమవుతుంది. మణికట్టులా వంగే రోబో పరికరాలు అక్కడే అక్కరకొస్తాయి.

ఆ సౌలభ్యం రోగికి నిజంగా మేలు చేసిందా అన్నదానికి మొదట్లో స్పష్టమైన జవాబు రాలేదు. 10 దేశాల్లో 471 మందిపై జరిగి 2017లో వెలువడిన రోలార్ అధ్యయనంలో, మధ్యలో పొట్ట కోసి ఆపరేషన్ పూర్తి చేయాల్సి రావడం రోబోతో 8.1 శాతం, ల్యాపరోస్కోపీతో 12.2 శాతం. గణాంకపరంగా దాన్ని తేడాగా లెక్కించలేం. అందులోని సర్జన్లందరికీ రోబోపై ఒకే స్థాయి అనుభవం లేదన్న విమర్శ కూడా వచ్చింది.

చైనాలో 11 ఆస్పత్రుల్లో జరిగిన రియల్ అధ్యయనం మీకు దగ్గరగా సరిపోతుంది. మలాశయం మధ్య, కింది భాగాల్లో క్యాన్సర్ ఉన్న 1,171 మంది మూడేళ్ల ఫలితాలు 2025లో వెలువడ్డాయి. కటి భాగంలో క్యాన్సర్ తిరగబెట్టింది రోబో వర్గంలో 1.6 శాతం మందికి, ల్యాపరోస్కోపీ వర్గంలో 4 శాతం మందికి. జబ్బు లేకుండా మూడేళ్లు గడిపినవారు వరుసగా 87.2, 83.4 శాతం. అయితే ప్రాణాలతో ఉన్నవారు 94.7, 93 శాతం. ఇక్కడ చెప్పుకోదగ్గ తేడా లేదు. మూత్ర విసర్జన, లైంగిక సామర్థ్యం మాత్రం రోబో వర్గంలో మెరుగ్గా ఉన్నాయి. వాటికి సంబంధించిన నరాలు ఆ పొరను ఆనుకునే వెళతాయి కాబట్టి, ఈ లాభాన్ని నేను చిన్నదిగా చూడను.

అంటే మేలు ఉంది, కానీ వంద మందిలో ఇద్దరి నుంచి నలుగురికి తేడా చేసేంత. అదీ రెండు పద్ధతుల్లోనూ చేయి తిరిగిన సర్జన్ల దగ్గర వచ్చిన ఫలితం. అందుకే పొలం అమ్మవద్దనే నా సలహా. రోబో కొత్తగా నేర్చుకుంటున్నవారి కంటే, ఏటా ఎన్నో మలాశయ ఆపరేషన్లు చేసే ల్యాపరోస్కోపీ సర్జన్ చేతిలో మీ నాన్నగారు క్షేమంగా ఉంటారు. ఇద్దరు డాక్టర్లనూ ఏడాదికి ఎన్ని చేస్తారని, తాత్కాలికంగా స్టోమా సంచి (మలం బయటకు వచ్చేందుకు పొట్టపై అమర్చే సంచి) పెట్టాల్సి వస్తుందా అని నిస్సంకోచంగా అడగండి. ఆపరేషన్ తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టులో ఆ పొర పూర్తిగా వచ్చిందా, గడ్డకూ కోత అంచుకూ మధ్య ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ దూరం ఉందా అన్న రెండు వాక్యాలను తప్పక చూపించి చెప్పించుకోండి.

రేడియేషన్ తర్వాత ఎంఆర్ఐ మళ్లీ తీయకపోతే, తేదీ ఖాయం చేసుకునే ముందే తీయించండి. కొందరిలో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది; అలాంటివారికి ఆపరేషన్ ఆపి, తరచూ పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండే మార్గాన్ని కూడా డాక్టర్లు పరిశీలిస్తారు.