మకరం మొసలా, మేకా?

సందేహం: వెండితో రాశుల లాకెట్లు చేయించి అమ్ముతుంటాను. మకరరాశికి మేక తల, చేప తోక ఉన్న బొమ్మ వేయించాను. కొనడానికొచ్చిన ఒక పెద్దాయన "మకరమంటే మొసలి కదమ్మా, మేకను పెట్టారేం?" అన్నారు. ఏది సరి? డబ్బా మీద "మకర లాకెట్టు" అని రాయవచ్చా?

సమాధానం: ఆ పెద్దాయన చెవిలో పోతన ఉన్నాడమ్మా. "కరిఁ దిగుచు మకరి సరసికిఁ" అని పద్యం వింటూ పెరిగిన తెలుగువాడికి ఆ మాట వినగానే ఏనుగు కాలు పట్టిన మొసలే కనపడుతుంది. తెలుగు వాడుక వరకు ఆయనను తప్పు పట్టలేం.

సంస్కృతంలో ఆ మాట అంత ఇరుకైనది కాదు. అమరకోశం అనే పాత నిఘంటువు మొసలికి నక్రం, కుంభీరం అని పేర్లు చెప్పి, మకరాన్ని వేరే జలచరాల వరసలో చేర్చింది. గీతలో కృష్ణుడు "ఝషాణాం మకరశ్చాస్మి" అన్నాడు, చేపల్లో మకరాన్ని నేనని. గంగకు వాహనమూ, మన్మథుడి జెండా మీది గుర్తూ ఇదే. గుడి తోరణాల్లో చూడండి: ఏనుగు తొండం, మొసలి దవడ, చేప ఒళ్లు, వెనక తీగలల్లుకున్న తోక. విష్ణుమూర్తి చెవులకు వేలాడే మకరకుండలాలూ ఈ జాతివే. కావ్యాల్లో చెలికత్తెలు నాయిక చెక్కిళ్ల మీద మకరం ఆకారంలో దిద్దే గీతలు, మకరికాపత్రాలు, వెండీ బంగారం కాకపోయినా, అవీ ఒంటిమీది నగలే.

ఇక రాశి సంగతి. 6వ శతాబ్దివాడైన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో "మకరో మృగాస్యః" అన్నాడు. తెలుగువాళ్లం ఇక్కడే జారిపడతాం. మనకు మృగమంటే పులో సింహమో. సంస్కృతంలో మృగమంటే చాలాచోట్ల జింక. కాబట్టి ఆయన చెప్పింది జింక మొహం ఉన్న మకరం.

మరి మేక? అది బాబిలోనియాది. సగం మేక, సగం చేప అయిన ఆ జంతువు అక్కడ ఏయా దేవుడి గుర్తు. గ్రీకులు ఆ రాశిని ఐగోకెరోస్ అన్నారు, మేకకొమ్ములదని. తమాషా ఏమిటంటే వరాహమిహిరుడి గ్రంథంలోనే మకరానికి "ఆకోకేరం" అనే పేరుంది, మేషానికి క్రియ, వృషభానికి తావురి అన్నట్టే. పేరు సముద్రం దాటి వచ్చింది. మేక మాత్రం దారిలో జింకైపోయినట్టుంది!

కనుక మీ బొమ్మ తప్పు కాదు, గ్రీకుది. దాని కింద మకరమని రాయడమే పొసగదు. ఆ పేరే ఉంచాలనుకుంటే, కంసాలితో చెప్పి మేక గడ్డం తీయించి, జింకకున్నట్టు కొమ్ములకు కొమ్మలు వేయించండి. ఒట్టి మొసలిని వేయిస్తే పెద్దాయన మెచ్చుకుంటారు గాని, జ్యోతిషం ఒప్పుకోదు.

రెండో ప్రశ్న. మకరరాశిలో రెండూ సంస్కృత పదాలే కాబట్టి "మకర" నేరుగా అతుకుతుంది. లాకెట్టు ముందు అది అతకదు. సింహం బొమ్మ అంటాం, సింహ బొమ్మ అనం కదా. "మకరం లాకెట్టు" అని రాయండి. అలాగే కన్యారాశిలో దీర్ఘం ఉన్నా, లాకెట్టు ముందు "కన్య" చాలు. అన్నట్టు, వరాహమిహిరుడి కన్యకు రెక్కలుండవు; చేత పైరూ నిప్పూ పట్టుకుని పడవలో ఉంటుంది. మీదెలా ఉందో చూసుకోండి.