పొట్టిగా ఉంటే వాలీబాల్ మానేయాలా?

ప్రశ్న: మా పాప ఎనిమిదో క్లాసు, వాలీబాల్ అంటే ప్రాణం, పొట్టిగా ఉందని ఎప్పుడూ బయటే కూర్చోబెడుతున్నారు. మాన్పించేద్దామా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అయ్యో, మాన్పించకండమ్మా! కొరియా ప్లేయర్ కిమ్ యోన్ క్యుంగ్ కూడా స్కూల్లో పొట్టే, స్పైక్ (నెట్ మీదుగా బంతిని బలంగా కిందికి బాదడం) కొట్టే ఛాన్స్ రాక వెనక నిలబడి వచ్చిన బంతినల్లా ముంజేతుల మీద లేపడమే పని, తర్వాత హైస్కూల్లో ఒక్కసారిగా పొడుగైపోయి 192 సెంటీమీటర్లకి చేరింది, నేర్చుకున్న ఆ రిసీవింగ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. అంత పొడుగు స్పైకర్ అంత బాగా రిసీవ్ చేయడం నిజంగా అరుదు. జపాన్, టర్కీ, చైనా లీగుల్లో ఆడింది, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కొరియాకి నాలుగో స్థానమే వచ్చినా బెస్ట్ ప్లేయర్ అవార్డు ఈమెకే ఇచ్చారు! 2025లో కొరియా లీగ్ టైటిల్ గెలిచాకే రిటైరైంది. పాపని లిబరోగా, అంటే స్పైక్ కొట్టకుండా వెనక ఉండి బంతిని లేపే ప్లేయర్‌గా, ఆడించమని కోచ్‌ని అడగండి, మోకాళ్ళకి మంచి ప్యాడ్లు కొనండి.