పెట్టె విప్పకముందు చెయ్యి చూడు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఆస్పత్రి మిషన్లు బాగుచేసే ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే "బీపీ తప్పు చూపిస్తోంది" అన్న చీటీ కనబడితే ఒళ్లు మండుతోందని రాశావు. వార్డు నుంచి మానిటర్ వస్తుంది. నువ్వు కాలిబ్రేషన్ (అసలు ఒత్తిడికీ చూపే అంకెకూ పొంతన) చూస్తావు, అన్నీ సరిగ్గానే ఉంటాయి, తిప్పి పంపుతావు. రెండు రోజులకు అదే మానిటర్ అదే చీటీతో మళ్లీ నీ బల్ల మీద. సిస్టర్లకు మిషన్ వాడటం రాదని నువ్వంటావు, వర్క్‌షాపులో ముట్టుకోకుండానే పంపేస్తున్నారని వాళ్లంటారు. ఈ గొడవ నా సర్వీసంతా చూశాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మానిటర్ బాగానే ఉంది. అంకె మాత్రం తప్పే.

ఎందుకంటే నీ బల్ల మీదికి వచ్చింది మానిటర్ ఒక్కటే. చేతికి చుట్టే దాని కఫ్ వార్డులోనే ఉండిపోయింది, కఫ్‌కు గాలి తీసుకెళ్లే హోస్ గోడకే వేలాడుతోంది, పేషెంటు చెయ్యి సంగతి సరేసరి. తప్పు ఎక్కువసార్లు ఉండేది ఆ మిగిలిపోయిన వాటిలోనే.

ముందు మిషన్ ఏం కొలుస్తుందో మనసులో పెట్టుకో. సిస్టర్ స్టెతస్కోపు పెట్టి వినేవి 1905లో కొరోట్కాఫ్ అనే రష్యన్ డాక్టరు చెప్పిన శబ్దాలు. మన మానిటర్ చాలావరకు ఆ శబ్దాలు వినదు. కఫ్‌లో గాలి నింపి మెల్లగా వదులుతూ, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ గాలిలో వచ్చే సన్నటి అదురును పట్టుకుంటుంది. అదురు ఎక్కడ అన్నిటికంటే పెద్దదిగా ఉందో అక్కడి ఒత్తిడిని మీన్‌గా, అంటే సగటు బీపీగా, తీసుకుంటుంది. పై అంకె, కింది అంకె మాత్రం ఆ అదురు పెరిగి తగ్గిన తీరును బట్టి కట్టిన లెక్క. ఆ లెక్క ఒక్కో కంపెనీది ఒక్కో రకం, ఎవరూ బయటపెట్టరు. కాబట్టి ఒకే పేషెంటుకు రెండు కంపెనీల మానిటర్లు వేరు వేరు అంకెలు చూపితే, రెంటిలో ఒకటి చెడిపోయిందని వెంటనే అనుకోకు. మూడు అంకెల్లో దేన్ని ఎక్కువ నమ్మాలని అడిగితే మీన్‌నే అంటాను.

నా మొదటి ఏడాది సంగతి ఒకటి చెబుతాను, మీ నాన్నకు కూడా చెప్పలేదు. లావుపాటి పేషెంటు ఒకాయనకు మానిటర్ 170 దాకా చూపిస్తోంది, డాక్టరు పాదరసం మిషన్‌తో చేత్తో కొలిస్తే 140 చిల్లర. నన్ను పిలిచారు. అప్పటి మానిటర్లలో లోపల స్క్రూడ్రైవర్‌తో తిప్పి అంకెను పెంచే, తగ్గించే స్పాన్ సర్దుబాటు ఉండేది. రెండు అంకెలూ కలిసేదాకా తిప్పి, గెలిచినట్టు బయటికొచ్చాను. మర్నాడు ఆ మానిటర్‌ను సన్నగా ఉన్న ఇంకో పేషెంటుకు పెట్టారు. ఉన్న బీపీ కంటే బాగా తక్కువ చూపించింది. మందు మొదలుపెట్టబోతుంటే ఒక సీనియర్ సిస్టర్‌కు అనుమానం వచ్చి చేత్తో కొలిచింది కాబట్టి సరిపోయింది. అసలు విషయం ఏమిటంటే, మొదటాయనకు డాక్టరు పెద్ద కఫ్‌తో కొలిచారు, మానిటర్‌కు మామూలు కఫ్ ఉంది. కఫ్ చేసిన తప్పుకు నేను మిషన్‌ను శిక్షించాను. ఆ తర్వాత చెయ్యి చూడకుండా పెట్టె విప్పింది లేదు.

కఫ్ దగ్గరే కాసేపు ఆగుతాను, సగం రోగం అక్కడే ఉంది. 1896లో రివా-రోచి అనే ఇటలీ డాక్టరు పైచేతికి కట్టే కఫ్‌తో మిషన్ చేసినప్పుడు ఆ కఫ్ వెడల్పు 5 సెంటీమీటర్లే. అంత సన్నటి పట్టీతో అంకె ఎక్కువ వస్తోందని 1901లో ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ అనే జర్మన్ డాక్టరు వెడల్పాటి కఫ్ తెచ్చాడు. అంటే వందేళ్ల కిందటే తెలిసిన సంగతిని మనం ఇవాళ్టికీ రోజూ మరిచిపోతున్నాం. కఫ్ లోపలి గాలి సంచి పొడవు చేతి చుట్టుకొలతలో దాదాపు 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. చుట్టుకొలత 27 నుంచి 34 సెంటీమీటర్లుంటే మామూలు అడల్ట్ కఫ్, 35 నుంచి 44 ఉంటే లార్జ్ అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, కంపెనీని బట్టి ఈ హద్దులు కొంచెం జరుగుతాయి. కఫ్ మీద అచ్చేసిన రేంజి గీతల్నే నమ్ము. చుట్టాక దాని అంచు ఆ గీతల మధ్యకు రాకపోతే అది ఆ చేతి కఫ్ కాదు.

చిన్న కఫ్ అంకెను పెంచుతుంది, పెద్ద కఫ్ తగ్గిస్తుంది. ఎంతో తెలుసా? 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, ఆటోమేటిక్ మిషన్‌తోనే చేశారు. ఎక్స్‌ట్రా లార్జ్ కఫ్ కావాల్సిన వాళ్లకు మామూలు కఫ్ కడితే పై బీపీ సగటున 19.5 పాయింట్లు ఎక్కువ వచ్చింది (పాయింటు అంటే ఒక మిల్లీమీటరు పాదరసమని నీకు చెప్పక్కర్లేదు). నీ మానిటర్‌లోని సెన్సర్‌కు మనం ఒప్పుకునే తేడాయే 3 పాయింట్లు. ఆ 3 కోసం పూటంతా వర్క్‌షాపులో కూర్చుని, ఈ 19 ని వార్డులో వదిలేసి వస్తున్నాం మనం.

అందుకని ప్రతి మానిటర్ బుట్టలో ఒక కొలత టేపు, కనీసం మూడు సైజుల కఫ్‌లు ఉండేలా చూడు. స్టోర్స్ వాళ్లు ఒకే సైజు తెప్పిస్తామంటారు, గట్టిగా పోట్లాడు. పైచెయ్యి మరీ లావుగానో పైన లావు కింద సన్నంగానో ఉండి ఏ కఫ్పూ నిలవకపోతే ముంజేతికి కట్టొచ్చు. కానీ పైచేతి అంకె, ముంజేతి అంకె ఒకటి కావు. ఎక్కడ కొలిచారో చార్టులో రాయమని, ఒకసారి ముంజేతికి కడితే ఆ తర్వాతా అక్కడే కట్టమని సిస్టర్లకు చెప్పు.

తర్వాతది చేతి ఎత్తు. కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. 10 సెంటీమీటర్లు కిందికి జారితే అంకె దాదాపు ఏడున్నర పాయింట్లు పెరుగుతుంది, పైకి పోతే అంతే తగ్గుతుంది. ఇది మిషన్ లోపం కాదు, రక్తం బరువు. పేషెంటు పక్కకు తిరిగి పడుకున్నప్పుడు చూడు, పైనున్న చేతికి కఫ్ ఉంటే బీపీ పడిపోయినట్టు చూపిస్తుంది. రాత్రి డ్యూటీలో వచ్చే "బీపీ డౌన్" అలారాల్లో ఇవి ఎన్నో. ఇంకో మాట, చాలామంది మానిటర్‌ను కూడా గుండె ఎత్తులో పెట్టాలనుకుంటారు. కఫ్‌తో కొలిచేటప్పుడు మానిటర్‌కు ఆ అవసరం లేదు. హోస్‌లో ఉన్నది గాలి, దానికి లెక్కలోకి వచ్చే బరువు లేదు. మానిటర్ గోడ మీద ఉన్నా బండి మీద ఉన్నా ఒకటే. ఆర్ట్ లైన్ (ధమనిలో సన్న గొట్టం పెట్టి నేరుగా బీపీ కొలిచే పద్ధతి) దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది, అక్కడికి వస్తాను.

ఇప్పుడు నీ అసలు పని, గాలి దారి. కనెక్టర్‌లోని ఓ-రింగ్ అరిగిపోవడం, మంచం కమ్మీలో నలిగిన హోస్, పట్టు పోయి మధ్యలో పరపరమని ఊడే వెల్క్రో, ఇవే రోజూ చూస్తావు. లీక్ చూడాలంటే కఫ్‌ను గట్టి గొట్టానికి చుట్టు, మనిషి చేతికి మాత్రం వద్దు. 250 దాకా నింపి, వెంటనే గడియారం చూడకుండా ఒక నిమిషం ఆగు. అప్పుడే నింపిన గాలి వేడిగా ఉంటుంది, చల్లబడేటప్పుడు ఒత్తిడి కొంచెం తగ్గుతుంది, అది లీక్ కాదు. ఆ తర్వాతి నిమిషంలో 6 పాయింట్ల కంటే ఎక్కువ పడితే లీకే. ముందు కఫ్ తీసేసి, తర్వాత హోస్ తీసేసి, ఒక్కో ముక్కగా చూస్తూపో, ఎక్కడుందో దొరుకుతుంది. ఒక కంపెనీ మానిటర్‌కు ఇంకో కంపెనీ కఫ్‌ను అడాప్టర్ పెట్టి తగిలిస్తే ఊరుకోకు. గాలి నిలిచినంత మాత్రాన లెక్క కుదరదు, ఆ లెక్కను సరిచూసింది వాళ్ల సొంత కఫ్‌తో.

సెన్సర్ సరిచూడటం నీకు వచ్చిన పనే, టీ ముక్క (మూడు దారుల గొట్టం) పెట్టి రెఫరెన్స్ మానోమీటర్ (పోల్చి చూసే ఒత్తిడి మీటరు) తగిలించి 50 నుంచి 250 దాకా మెట్టుమెట్టుగా చూడు. అన్నిటికంటే ముందు గాలి పూర్తిగా వదిలి సున్నా సున్నాగా ఉందో లేదో చూడు. మీ దగ్గర కొత్తగా వచ్చిన సిమ్యులేటర్ గురించి తెగ సంబరపడ్డావు. మంచి పరికరమే. కానీ దాంట్లో 120/80 పెడితే మానిటర్ 114/77 చూపించిందని కంగారు పడి రిపేరుకు రాయకు. సిమ్యులేటర్ పంపేది కృత్రిమమైన అదురు, ఈ కంపెనీ లెక్క దానికి ఏ జవాబు ఇవ్వాలో సిమ్యులేటర్‌కు తెలియదు. ఒకే సెట్టింగులో ఐదారుసార్లు కొలిస్తే అంకెలు దగ్గర దగ్గరగా వస్తున్నాయా, ఇదే మానిటర్ పోయినసారి ఇచ్చినదానికీ ఇప్పటికీ తేడా ఉందా అన్నది దానితో తెలుస్తుంది. అంతే. లెక్క నిజంగా సరైనదో కాదో తేల్చేది మనుషుల మీద చేసే పరీక్ష. దానికి ఐఎస్ఓ 81060-2 అనే ప్రమాణం ఉంది. 85 మంది మీద కొలిచినప్పుడు సగటు తేడా 5 పాయింట్లు, చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 8 పాయింట్లు దాటకూడదంటుంది. జాగ్రత్తగా చదివితే, ఆ పరీక్ష పాసైన మిషన్ కూడా ఒక్కోసారి పది పాయింట్లకు మించి తేడా చూపొచ్చని అర్థమవుతుంది. మానిటర్ కొనేటప్పుడు సలహా అడిగితే ఆ పరీక్ష కాగితం చూపించమను. చిన్నపిల్లలకూ గర్భిణులకూ వాడబోతుంటే వాళ్ల మీద విడిగా పరీక్ష చేశారా అని కూడా అడుగు.

తర్వాత మానిటర్‌లోని అడల్ట్ (పెద్దవాళ్లు), పీడియాట్రిక్ (పిల్లలు), నియోనేట్ (పసికందులు) మోడ్‌ల సంగతి. పాత పేషెంటు మోడ్‌లోనే కొత్త పేషెంటును పెట్టేయడం మామూలు. పసిబిడ్డకు అడల్ట్ మోడ్ పెడితే అది కొలతలో తప్పుతో ఆగదు, ఆ చిన్న చేతికి ఎక్కాల్సినదాని కంటే ఎంతో ఎక్కువ ఒత్తిడి ఎక్కుతుంది. దీన్ని సిస్టర్లకు ప్రతి క్లాసులో చెప్పు.

ఇక ఆర్ట్ లైన్. ఇక్కడ ట్యూబులో ఉన్నది సెలైన్, బరువున్న నీళ్లు. కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్ (ఆ ఒత్తిడిని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) ఎక్కడుందన్నదే ముఖ్యం. నాలుగో పక్కటెముకల సందు, చంక మధ్య గీత కలిసేచోట దాన్ని లెవెల్ చెయ్యాలి. స్టాండుకు కట్టిన ట్రాన్స్‌డ్యూసర్‌ను అక్కడే వదిలి మంచం పైకి లేపితే బీపీ పెరిగినట్టు చూపిస్తుంది. జీరో చేయడం, లెవెల్ చేయడం ఒకటేనని చాలామంది పొరపడతారు. జీరో అంటే బయటి గాలి ఒత్తిడిని సున్నాగా చెప్పడం, లెవెల్ అంటే గుండె ఎత్తు చూపించడం. ఒకటి చేసి రెండోది వదిలేస్తే పని సగమే అయినట్టు.

లైన్‌లోకి సెలైన్ తోసే ఫ్లష్ బ్యాగ్ ఒత్తిడి 300 ఉండాలి. సిస్టర్‌ను ఒక్కసారి ఫ్లష్ లాగి వదలమని తెర మీద గీత చూడు. పైకి వెళ్లి చతురస్రంలా నిలిచి, కిందికి దిగాక ఒకటి రెండుసార్లు ఊగి ఆగితే బాగున్నట్టు. అసలు ఊగకుండా నీరసంగా జారితే లైన్‌లో గాలి బుడగో, గడ్డ కట్టిన రక్తమో, మడతో ఉంది. అప్పుడు పై అంకె తక్కువ, కింది అంకె ఎక్కువ చూపిస్తుంది. అదేపనిగా ఊగుతుంటే ట్యూబు పొడవెక్కువై ఉండొచ్చు, అవసరం లేని స్టాప్‌కాక్‌లు (చిన్న కుళాయి మరలు) తగిలించి ఉండొచ్చు, పై అంకె ఉన్నదాని కంటే ఎగిరిపడుతుంది. రెంటిలోనూ తక్కువ దెబ్బ తినేది మీనే. కఫ్ అంకె, లైన్ అంకె కలవడం లేదని ఐసీయూ నుంచి ఫోన్ వస్తే మీన్‌లు రెండూ పక్కపక్కన పెట్టి చూడు, గొడవ చాలావరకు అక్కడే తగ్గుతుంది. తగ్గకపోతే కేబుల్ పిన్నులు చూడు. ఆ ట్రాన్స్‌డ్యూసర్‌కు మానిటర్ ఇచ్చే ఒక్కో వోల్టుకు, ఒక్కో పాయింటు ఒత్తిడికి అది తిరిగి ఇచ్చేది 5 మైక్రోవోల్టులే. పిన్ను మీద ఎండిన సెలైన్ చుక్క చాలు, అంకె అటూ ఇటూ జరగడానికి.

పేషెంటు వణుకుతున్నా, మాట్లాడుతున్నా, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా అంకె నిలకడగా రాదు. లయ తప్పినవాళ్లకు ఒక్క కొలత చూసి నమ్మొద్దని, రెండు మూడుసార్లు తీసి సగటు చూడమని చెప్పు. డ్రిప్ వెళుతున్న చేతికి, ఫిస్టులా (డయాలసిస్ కోసం కలిపిన రక్తనాళాలు) ఉన్న చేతికి కఫ్ కట్టించకు. వేలికి పెట్టే ఆక్సిజన్ సాచురేషన్ క్లిప్ కూడా అదే చేతికుంటే కఫ్ బిగిసినప్పుడల్లా అలారం మోగి అందరికీ టెన్షన్.

రేపు చీటీ వస్తే మానిటర్‌ను కిందికి పంపమనకు. టేపు, రెఫరెన్స్ మానోమీటర్, రెండు మూడు ఓ-రింగులు జేబులో వేసుకుని నువ్వే పైకి వెళ్లు. సిస్టర్‌ను "ఏ చేతికి కట్టారమ్మా, అప్పుడు పేషెంటు ఎలా పడుకున్నారు?" అని అడుగు, తప్పు పట్టడానికి వచ్చినట్టు మాత్రం కనబడకు. వాళ్ల ఎదురుగానే కొలిచి, ఏం దొరికిందో ఆ చీటీ వెనకే రాసి తెచ్చుకో. ఒక నెల చీటీలు పోగయ్యాక ఎన్నిటికి పెట్టె విప్పాల్సి వచ్చిందో లెక్కేసి నాకు రాయి. నా పాత డైరీలో నా లెక్క ఉంది, పక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న