నాన్న పాత ఆంప్లిఫైరు, నీ కొత్త కారు

శ్రావణీ,

అటక మీదున్న మీ నాన్న పాత ఆంప్లిఫైరు దించావటగా. బాసు వాయించే పన్నెండంగుళాల కొత్త స్పీకరు, అదే సబ్ వూఫర్, కూడా కొని, రెండూ కారులో నువ్వే బిగించుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్లో కంగారుగా చెప్పింది. మన ఇంట్లో మల్టీమీటరు పట్టే పిల్ల ఒకతి తయారైందని నాకు చాలా గర్వంగా ఉంది. కంగారు మాత్రం నాకూ ఉంది. ఇది పూర్తిగా చదివాకే బానెట్ ఎత్తు.

ముందు ఆ ఆంప్లిఫైరు సంగతి. అది తొంభైల నాటి క్లాస్ ఏబీ అనే రకం. గట్టిగా వాయించినప్పుడు కూడా బ్యాటరీ నుంచి లాగినదాంట్లో సగం దాకా వేడిగానే పోతుంది. అంత బరువైన అల్యూమినియం ఒళ్లు ఆ వేడిని బయటికి పంపడానికే. దాని మీద రాసిన వాట్లు చూసి చిన్నచూపు చూడకు. ఆ రోజుల్లో అమెరికాలో కారు ఆడియో పోటీలకి ఆంప్లిఫైరు మీద అచ్చేసిన వాట్లని బట్టే తరగతులు కట్టేవారు. అందుకని కొన్ని కంపెనీలు కావాలనే తక్కువ అంకె రాసి, ఓములు, అంటే స్పీకర్ నిరోధం, తగ్గించిన కొద్దీ ఎన్నో రెట్లు ఇచ్చేలా తయారు చేసేవి. రాక్‌ఫోర్డ్ ఫోస్‌గేట్ పంచ్ 45 అనే ఆంప్లిఫైరు మీద నాలుగు ఓములకి ఛానెల్‌కి 22.5 వాట్లే ఉండేది. మన బజార్లో కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉండేది. అరచేతిలో పట్టే డబ్బా మీద వెయ్యి వాట్ల పీఎంపీఓ అని, రెప్పపాటు కూడా నిలవని అంకె రాసి అమ్మేవారు. 2003లో సీఈఏ-2006 అనే కొలత వచ్చింది. 14.4 వోల్టులు, నాలుగు ఓములు, ఒక శాతానికి మించని డిస్టార్షన్ (శబ్దం చెడటం) దగ్గర ఎన్ని వాట్లొస్తే అవే రాయాలన్నారు. ఇప్పుడు కొనేటప్పుడు ఆ కొలత ప్రకారం ఇచ్చిన ఆర్‌ఎంఎస్ అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఒక్కటే చూడు. మాక్స్, పీక్ అని పెద్దక్షరాల్లో ఉన్నవన్నీ వదిలెయ్.

తొంభైల చివర్లో సబ్ వూఫర్ల కోసం క్లాస్ డీ మోనో, అంటే ఒకే ఛానెల్ ఉన్న, ఆంప్లిఫైర్లు వచ్చాయి. వాటిలో ట్రాన్సిస్టర్లు పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ అవుతూ పనిచేస్తాయి కాబట్టి 80 శాతం, ఆ పైన కూడా స్పీకర్‌కి చేరుతుంది. లెక్క వేసి చూడు. 500 వాట్లు కావాలంటే క్లాస్ డీ 13.8 వోల్టుల దగ్గర దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. క్లాస్ ఏబీ అయితే 70 దాటుతుంది.

సబ్ వూఫర్లు కూడా మారిపోయాయి. హాఫ్‌మన్ అనే ఇంజనీరు పేరుతో ఒక సూత్రం ఉంది: చిన్న పెట్టె, లోతైన బాసు, తక్కువ వాట్లకే పెద్ద శబ్దం, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. పాతకాలం సబ్బులకి, అదే సబ్ వూఫర్లకి, తేలికపాటి కాగితం కోను, పెద్ద పెట్టె ఉండేవి, వంద వాట్లకే డిక్కీ అదిరేది. వాట్లు చవకయ్యాక తయారీదారులు చిన్న పెట్టె వైపు మొగ్గారు. నీ కొత్త సబ్బు అలాంటిదే. కోను బరువు, ముందుకీ వెనక్కీ ఆడే దూరం ఎక్కువ, ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల మూసిన పెట్టెలోనే బాగా పలుకుతుంది. కానీ దానికి వాట్లు కావాలి. నాన్న ఆంప్లిఫైరుతో ఆ సబ్బుని నడపాలని చూస్తే నువ్వు వాల్యూమ్ పెంచుతూ పోతావు, అది క్లిప్ అవుతుంది, అంటే ఇవ్వగలిగిన దానికి మించి అడిగేసరికి శబ్దం చెడిపోతుంది. అందుకే నా మాట విను: సబ్బుకి రెండు ఓముల దగ్గర 500 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డీ మోనో ఒకటి కొను. నాన్నది ముందు డోర్ స్పీకర్లకి పెట్టు. ఆ పనికి అది ఇవాళ్టికీ ఏం తీసిపోదు. పాతది కాబట్టి ముందు మూత విప్పి కెపాసిటర్లు ఉబ్బాయేమో, కారాయేమో చూడు. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు 5 ఆంపియర్ల ఫ్యూజు మీదే ఇవ్వు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఆంప్లిఫైర్లు ఎంత మారినా కారులో ఉన్నది అవే 12 వోల్టులు. వాట్లు పెరిగితే వైర్లో ఆంపియర్లే పెరగాలి. వెనకటి నుంచీ షాపుల్లో జరిగే తప్పు ఒకటుంది, ఇప్పటికీ జరుగుతోంది: మెయిన్ ఫ్యూజుని డిక్కీలో ఆంప్లిఫైరు పక్కన పెట్టడం, లేదా ఆంప్లిఫైరుకే ఫ్యూజుంది కదా అని అసలు పెట్టకపోవడం. ఆంప్లిఫైరు మీదున్న ఫ్యూజు ఆంప్లిఫైరు కోసం. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజు వైరు కోసం. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా అయిదు మీటర్ల వైరు ఇనప రేకుల మధ్య నుంచి వెళ్తుంది. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో చిల్లు ఉంటుంది చూడు, దాని అంచు కత్తిలా ఉంటుంది. చిల్లు అంచుకి తొడిగే రబ్బరు రింగు, అదే గ్రామెట్టు, లేకుండా అందులోంచి వైరు లాగితే మొదటి రోజు ఏమీ కాదు. ఇంజన్ అదురుకి రోజూ ఇంత చొప్పున పైతొడుగు అరిగి, ఓ ఏడాదికో రెండేళ్లకో రాగి రేకుకి తగులుతుంది. అప్పుడు బ్యాటరీ ఇచ్చేది 45 ఆంపియర్లు కాదు, వందల ఆంపియర్లు. డిక్కీలో ఉన్న ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు, ఆ కరెంటు దాని దాకా రాదు కదా. వైరు ఎర్రగా కాగి కార్పెట్ అంటుకుంటుంది. ఆ సమయానికి పాటలు ఆపేసి ఉన్నా ఒకటే, కారు తాళం వేసి ఉన్నా ఒకటే, ఆ వైరు నేరుగా బ్యాటరీది కాబట్టి.

అందుకని బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు హోల్డర్ ఉండాలి. క్లాస్ డీ ఒక్కదానికే అయితే 60 ఆంపియర్లు చాలు. రెండూ కలిపి నడుపుతావు కాబట్టి 80 పెట్టు, డిక్కీలో పంపిణీ బ్లాకు పెట్టి ఒక్కోదానికి విడి ఫ్యూజు ఇవ్వు. వైరు అసలు రాగి 4 గేజ్. హైదరాబాద్ కోటి గుజరాతీ గల్లీలో అడిగినా, బెజవాడ ఆటోనగర్‌లో అడిగినా ముందు చవక కిట్టే చూపిస్తారు. అందులో ఉండేది చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. కొస చాకుతో గీకి చూడు, లోపల తెల్లగా కనిపిస్తే అక్కడే వదిలేసి రా. అదే మందానికి దాని నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు.

నెగెటివ్ వైరు కూడా అంతే మందం ఉండాలి, పొట్టిగా ఉండాలి. బాడీ రేకు మీద పెయింటు మెరిసేదాకా గీకి, వైరు కొసకి లగ్గు (బోల్టు పట్టే లోహపు రింగు) పెట్టి బోల్టుతో బిగించు. సీటు బెల్టు బోల్టు జోలికి మాత్రం పోకు, అది ప్రాణాల కోసం ఉన్నది. చిల్లు వేసేముందు కారు కిందికి వంగి చూడు. చాలా కార్లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద చిన్న సెన్సర్ ఉంటే, ఆ పోస్టుకి నేరుగా ఏ వైరూ కలపకు. ఆ కరెంటు లెక్కలోకి రాక ఛార్జింగ్ తారుమారవుతుంది. గడప పక్కన పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి, ముట్టుకోకు.

పని మొదలెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాలని నీకు చెప్పక్కర్లేదు.

ఆంప్లిఫైరు మీదుండే గెయిన్ నాబు వాల్యూమ్ అనుకోకమ్మా, అది స్టీరియో సిగ్నల్‌కి ఆంప్లిఫైరుని సరిచూసేది. బాస్ బూస్ట్ సున్నా, ఈక్వలైజర్ ఫ్లాట్, సబ్బు వైరు విప్పేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి 50 హెర్ట్జ్ టోను వాయించు. మల్టీమీటరు ఏసీలో పెట్టి ఆంప్లిఫైరు స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలువు. 500 వాట్లు, రెండు ఓములు, గుణిస్తే వెయ్యి, దాని వర్గమూలం దాదాపు 31.6 వోల్టులు. అక్కడ గెయిన్ ఆపి ఇక కదపకు. కంపెనీ స్టీరియోలు కొన్ని వాల్యూమ్ పెంచిన కొద్దీ బాసు తామే తగ్గించేస్తాయి. అలా అయితే ఆ సిగ్నల్‌ని సరిచేసే డీఎస్పీ అనే డబ్బా ఒకటి కొనాలి గానీ గెయిన్ పెంచకూడదు. బాసుని మాత్రమే సబ్బుకి పంపే లో-పాస్ ఫిల్టర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర ఉంచు.

రాత్రిళ్లు వీధిలో అద్దాలు అదిరేలా వాయించకు. పాపాయిలుంటారు, ముసలివాళ్లుంటారు. నీ చెవులూ నాకు ముఖ్యమే.

అంతా బిగించాక గట్టిగా వాయిస్తూ ఆంప్లిఫైరు నెగెటివ్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య డీసీ వోల్టులు కొలువు. 0.2 దాటితే గ్రౌండు మళ్లీ గీకి బిగించు. వారం తిరిగాక ప్రతి స్క్రూ మరోసారి బిగించు, మెత్తటి రాగి నలిగి వదులవుతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు మాత్రం వైర్లన్నీ బిగించాకే, వాయించేముందు, చివర్న పెట్టు. పెట్టేముందు వీడియో కాల్ చేసి ఆ గ్రామెట్టు నాకు చూపించు, అర్ధరాత్రయినా సరే.

మీ మావయ్య