ఒకే రంగు లేజర్లు రెండు కలపడం గురించి

రెండు 450 నానోమీటర్ల బ్లూ డయోడ్లని ఫిఫ్టీ-ఫిఫ్టీ స్ప్లిటర్‌తో కలిపితే ఒక్క లేజర్ పవరే వస్తోందన్నారు కదా, మీ అలైన్‌మెంట్ తప్పేం లేదండీ, ఆ స్ప్లిటర్ పనే అంత, రెండు బీముల్లోనూ సగం సగం పక్కదారిలో పంపేస్తుంది.

దాన్ని తీసేసి పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్ క్యూబ్ (పోలరైజేషన్‌ని, అంటే కాంతి తరంగం ఊగే దిశని బట్టి వెలుతురుని నేరుగా పంపే లేదా పక్కకి తిప్పే గాజు ఘనం) పెట్టండి. డయోడ్ లైట్ దాదాపు అంతా ఒకే దిశలో పోలరైజ్ అయి ఉంటుంది కాబట్టి, ఒకదాని దారిలో హాఫ్ వేవ్ ప్లేట్ (పోలరైజేషన్ దిశని తిప్పే పలుచని పలక) పెట్టి దాని పోలరైజేషన్ 90 డిగ్రీలు తిప్పితే ఒక బీమ్ క్యూబ్‌లోంచి నేరుగా పోతుంది, రెండోది రిఫ్లెక్టయ్యి అదే దారిలో కలుస్తుంది. ప్లేట్ ఎంత తిప్పాలో లెక్కలేం అక్కర్లేదు, క్యూబ్ నాలుగో ముఖం (బీములు లోపలికొచ్చే రెండు, కలిసి బయటికెళ్ళే ఒకటి కాక మిగిలింది) నుంచి కారే వెలుతురు బాగా తగ్గేదాకా తిప్పండి చాలు, మిగిలిన ఆ కాస్త వెలుతురుకి అడ్డంగా బీమ్ బ్లాక్ (వెలుతురుని ఆపేసే అడ్డు) తప్పకుండా పెట్టండి.

స్పాట్లు కలవాలంటే రెండు బీముల్లో ఒకదానికి రెండు అద్దాలు కావాలి, మొదటి అద్దంతో దగ్గర స్పాట్, రెండోదానితో దూరం స్పాట్, ఇలా మార్చి మార్చి సరిచేస్తూ పోవాలి. ఒక్క చోట కలిస్తే సరిపోదు, కాస్త దూరంలో మళ్ళీ విడిపోతాయి.

మూడోది కూడా బ్లూనే అయితే ఈ పద్ధతి కుదరదు, బీముల్ని పక్కపక్కన పేర్చుకోవాలి. రెడ్ అయితే డైక్రోయిక్ అద్దం (ఒక రంగుని దాటనిచ్చి ఇంకో రంగుని రిఫ్లెక్ట్ చేసేది) చాలు.

450కి సరిపడే గాగుల్స్ లేకుండా మాత్రం ఆన్ చేయకండి ప్లీజ్, అలైన్ చేసేటప్పుడు కరెంట్ బాగా తగ్గించి పెట్టుకోండి.