తొమ్మిది రోజులు, మూడు మకాంలు

బర్మింగ్‌హామ్ వచ్చి ఇంకా ఏడాది తిరగని ఒక జంట అడిగిన సందేహం ఇది: "మే నెలలో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. నాకు నాలుగు రోజులే లీవు దొరికింది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్ అన్నీ వచ్చేలా ప్లాన్ చెప్పండి."

ఇంగ్లండు వచ్చిన కొత్తలో నేనూ ఇలాంటి జాబితానే రాసుకున్నాను. అమ్మానాన్నలను తీసుకుని ఏడు రోజుల్లో ఐదు ఊళ్ళు తిరిగాం. స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో ఒక్కటే రాత్రి. మర్నాడు పొద్దున అక్కడి మంచు కొండ యుంగ్‌ఫ్రౌయోఖ్ పైకి రైల్లో వెళ్ళాం, టికెట్లకే బోలెడు డబ్బయింది. పైన ఏమీ కనిపించలేదు, అంతా తెలుపు. అద్దానికి లోపల ఆవిరి పట్టిందనుకుని అమ్మ కొంగుతో తుడిచింది. ఆవిరి కాదు, బయటంతా మబ్బు. ఆ సాయంత్రమే వేరే ఊరికి రైలు, కాబట్టి ఇంకో రోజు ఆగే వీలు లేకపోయింది. మర్నాడు ఎండ కాసిందని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఊళ్ళు లెక్కపెట్టొద్దని, రాత్రులు లెక్కపెట్టమని చెబుతున్నాను.

మే చివరి సోమవారం బ్యాంక్ హాలిడే. ఆ వారం మంగళవారం నుంచి శుక్రవారం వరకు లీవు పెడితే, ముందు శనివారం మొదలు తర్వాతి ఆదివారం దాకా 9 రోజులు చేతికొస్తాయి. రాత్రులు మాత్రం 8. మకాం మార్చిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. పెట్టెలు సర్దాలి, హోటల్ ఖాళీ చేయాలి, రైలు పట్టుకోవాలి, కొత్త ఊళ్ళో దారి వెతుక్కోవాలి, గది ఇచ్చేదాకా లాబీలో కూర్చోవాలి. ఐదు ఊళ్ళంటే నాలుగు మార్పులు, అంటే రెండు రోజులు స్టేషన్లలోనే. పెద్దవాళ్ళతో అయితే ఇంకా ఎక్కువే.

అందుకే రోమ్, ఆమ్‌స్టర్‌డామ్ తీసేయండి. ఆమ్‌స్టర్‌డామ్‌కి లండన్ నుంచి నేరుగా రైలుంది, నాలుగు గంటల ప్రయాణం. దాన్ని ఇంకో లాంగ్ వీకెండ్‌కి ఉంచుకోండి. రోమ్‌కి విడిగా నాలుగు రోజులైనా ఇవ్వాలి. మిగిలినవి పారిస్ 3 రాత్రులు, స్విట్జర్లాండ్ 3, వెనిస్ 2. ఒక చివర్లో దిగి ఇంకో చివర నుంచి ఫ్లైట్ ఎక్కాలి. మొదలుపెట్టిన ఊరికే తిరిగి వస్తే ఇంకో రోజు దండగ.

టికెట్ల కంటే ముందు వీసా సంగతి చూడండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మీ అమ్మానాన్నల దగ్గరుండే యూకే విజిటర్ వీసాతో ఈ మూడు దేశాల్లో అడుగు పెట్టలేరు. వీటన్నిటికీ కలిపి ఒకటే పనికొచ్చేది షెంజెన్ వీసా. ఇక్కడికి వచ్చాక దానికి అప్లై చేద్దాంలే అనుకోకండి. వాళ్ళు ఉండేది ఇండియాలో కాబట్టి అక్కడే, హైదరాబాద్‌లో అప్లై చేసుకుని రావాలి. మీరు మాత్రం ఇక్కడే అప్లై చేయాలి. వాళ్ళకి ముందు యూకే వీసా, అది వచ్చాక షెంజెన్. షెంజెన్‌కి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయవచ్చు. యూకే విజిటర్ వీసా మీద గడువు లోపల ఎన్నిసార్లైనా వెళ్ళి రావచ్చు, తిరిగొచ్చేటప్పుడు దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఏ దేశానికి అప్లై చేయాలంటే, ఎక్కువ రోజులు ఉండే దేశానికి. రోజులు సమానమైతే ముందు అడుగు పెట్టే దేశానికి. మన ప్లాన్‌లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సమానం, ముందు వచ్చేది ఫ్రాన్స్. వేరే దేశానికి అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని అటు వెళ్ళకండి. మీ అప్లికేషన్‌లోనూ మీ తల్లిదండ్రుల అప్లికేషన్‌లోనూ తేదీలు, హోటళ్ళు ఒకేలా ఉండాలి. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వాపసు వచ్చే హోటళ్ళే బుక్ చేయండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

శనివారం లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి పారిస్‌కి రైలు, రెండుంపావు గంటలు. ఫ్రెంచ్ ఇమిగ్రేషన్ లండన్ స్టేషన్‌లోనే అయిపోతుంది, క్యూ పొడుగ్గా ఉంటుంది, ముందే చేరుకోండి. పులిహోర డబ్బా తీసుకెళ్ళండి కానీ నెయ్యి, పాలకోవా వద్దు. ఇంగ్లండు నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళనివ్వరు. వెర్సాయ్ ప్యాలెస్ సోమవారం మూసేస్తారు, లూవ్ర్ మ్యూజియం మంగళవారం. కాబట్టి ఆదివారం వెర్సాయ్, సోమవారం లూవ్ర్. రెండింటికీ టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోండి.

మంగళవారం గార్ ద లియాన్ స్టేషన్‌లో రైలెక్కి, బాజెల్‌లో మారి ఇంటర్‌లాకెన్. మకాం దానికి దగ్గర్లోని లౌటర్‌బ్రున్నెన్‌లో అయితే మరీ మంచిది, ఊరి పక్కనే దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి జలపాతం దూకుతుంటుంది. ఇక్కడ మూడు రాత్రులు ఎందుకంటే, కొండ ఎక్కడానికి రెండు ఉదయాలు చేతిలో ఉంటాయి. పైకి టికెట్ ముందు కొనకండి. పొద్దున లేవగానే కొండమీది వెబ్‌క్యామ్ చూడండి. తేటగా ఉంటే బయల్దేరండి, మబ్బుంటే ఆ రోజు బ్రియెన్జ్ సరస్సులో పడవ ఎక్కండి. యుంగ్‌ఫ్రౌయోఖ్ ఎత్తు 3,454 మీటర్లు. నాన్నగారికి గుండె జబ్బు గానీ బీపీ గానీ ఉంటే డాక్టర్‌ని అడగకుండా తీసుకెళ్ళకండి. అవసరమైతే మ్యూరెన్ చాలు. ఆ ఊరు ఇంత ఎత్తులో ఉండదు, మంచు కొండలు మాత్రం ఎదురుగానే ఉంటాయి. అన్నట్టు, హాఫ్ ఫేర్ కార్డ్ మర్చిపోవద్దు, కొండ రైళ్ళకి సగం డబ్బులు మిగులుతాయి.

మేము రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాం, ఇలాగే మూడు రాత్రులు ఉన్నాం. మొదటి పొద్దున మబ్బు, రెండో పొద్దున నీలాకాశం. అమ్మ పైన గంటన్నర ఒకే కిటికీ దగ్గర నిలబడింది.

శుక్రవారం మిలాన్ మీదుగా వెనిస్, దాదాపు రోజంతా ప్రయాణమే. హోటల్ సాంతా లూచియా స్టేషన్ దగ్గర, దారిలో వంతెన అడ్డురాని చోట తీసుకోండి. వెనిస్ వంతెనలకి మెట్లుంటాయి, పెద్ద పెట్టెతో ఒక్కటి ఎక్కి దిగేసరికే నడుం పట్టేస్తుంది. శనివారం అంతా పడవల మీద తిరగండి. ఆదివారం మధ్యాహ్నం ఫ్లైట్ తీసుకోండి, చౌకగా ఉందని రాత్రి ఆఖరి ఫ్లైట్ వద్దు. అది ఆలస్యమైతే తెల్లవారుజామున ఇల్లు చేరి, తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాలి.